ఎడమకాలి అడుగులు

జగ్గయ్యపేట,
3 మార్చి 2025

సూసన్‌కు,

మీ వదిన దేవమణి రాస్తున్నది. చేతిరాత చూసి గుర్తుపట్టే ఉంటావు. గుర్తుపట్టి కూడా విప్పావంటే నీలో ఇంకా కొంత మర్యాద మిగిలి ఉన్నట్టే.

ఫోను చేయవచ్చుగా అంటావేమో. నా రెండు చెవులూ నాకంటే ఆలస్యంగా రిటైరయ్యాయి గానీ, పూర్తిగా రిటైరయ్యాయి. మా అమ్మాయి రూబీ చెవి మిషను కొని పెట్టింది. అది పెట్టుకుంటే మనుషుల మాట తప్ప అన్నీ వినిపిస్తాయి: ఫ్యాను, కుక్కరు, ఎదురింటి మేక. కాబట్టి ఉత్తరం. పేటకూ నందిగామకూ ముప్పై కిలోమీటర్లు. పోస్టువాళ్ళు దీనికి బెజవాడ చూపించి మూడు రోజుల తర్వాత నీకు చేరుస్తారు.

విషయానికి వస్తాను. మీ అన్నయ్య వస్తున్నాడు.

నవ్వకు. ముప్పై నాలుగేళ్ళు సోషల్ పాఠాలు చెప్పినదాన్ని. దయ్యం కథలు చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని. అయినా చెబుతున్నాను. వారం రోజులుగా, పొద్దున వెలుతురు పడేసరికి ముందు గది గచ్చుమీద అడుగులు కనిపిస్తున్నాయి. నా మంచం దగ్గర మొదలై, కిటికీ పక్కన ఆయన కూర్చునే పేము కుర్చీ దాకా. తడి ఆరిపోయిన మరకలు, పలచటి టీ రంగు. మడమ పడదు, ముందరి పాదమే. నీకు గుర్తుందిగా, ఫస్టు బస్సు డ్యూటీకి వెళ్ళేటప్పుడు నన్ను లేపకూడదని మునివేళ్ళమీద నడిచేవాడు. పోతే, అన్నీ ఎడమకాలి అడుగులే. కుడి అడుగు ఒక్కటీ లేదు.

మోకాలి కింద కుడికాలు తీసేసిన మనిషికి కుడి అడుగు ఎలా పడుతుంది?

అడుగడుగుకీ చీమలు పట్టి ఉంటాయి. పనిమనిషి పున్నమ్మ తుడుస్తూ, నా చెవిలో అరిచి మరీ, "ఏం ఒలకబోసారండీ టీచరుగారూ, ఇంత జిగటగా ఉంది" అంటుంది. నేనేం చెప్పను? రూబీకి చెబితే నన్ను మైలవరం తీసుకుపోయి తన ఇంట్లో పెట్టుకుని, మందులూ మాటలూ లెక్కపెట్టి ఇస్తుంది. పాస్టరు రూబెన్‌గారికి చెబితే ప్రార్థన చేసి ఆయన్ని పంపించేస్తారు. పంపించేయడం నాకు ఇష్టం లేదు. ఆయన నీ తోడబుట్టినవాడు కనుక నీకు చెప్పాను.

సమాధి రాయిమీద 'ప్రియ సోదరి' అన్న ముక్క కొట్టేశాననే కదా ఐదేళ్ళుగా ఈ గడప తొక్కలేదు. రాయి చిన్నది సూసన్. నువ్వు రాసిచ్చినది వ్యాసం.

నా క్షేమం అడిగితే, షుగరు ఉంది, నోరు ఉంది, మిగతావి పోయాయి.

దేవమణి


నందిగామ,
8 మార్చి

వదినా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి భయం వేసింది.

నలభై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా చేశాను. పోయినవాళ్ళను ఎంతమందిని కడిగి, బట్టలు మార్చి పంపానో లెక్కలేదు. ఒక్కరూ తిరిగి రాలేదు. రావాలంటే నా దగ్గరికే రావాలి, నీళ్ళు చల్లగా ఉన్నాయని పోట్లాడటానికి. కాబట్టి అన్నయ్య సంగతి పక్కన పెట్టు. రాయి సంగతి కూడా ఎత్తకు. నేను రాకపోవడం దానికి కాదు.

నాకు నచ్చనిది చీమల సంగతి. ముందు ఇది చెప్పు: షుగరు ఎప్పుడు చూపించుకున్నావు? నీ అరికాళ్ళు ఎప్పుడు చూసుకున్నావు? వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టుకుని దానిమీద కాలు ఎత్తి పట్టి చూడు. రోజూ గోరువెచ్చటి నీళ్ళతో కడుగు, నీళ్ళ వేడి చేత్తో చూడు, కాలితో చూడకు. వేళ్ళ సందులు పొడిగా తుడుచుకో, అక్కడ నూనె రాయకు. నూనె మడమల పగుళ్ళకు. గోళ్ళు లోపలికి చెక్కకుండా సూటిగా కత్తిరించు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకో. 'ఇంట్లో చెప్పులా' అని నాకు క్లాసు పీకకు.

నేనే వచ్చి చూసేదాన్ని. ఫిబ్రవరి చివర నాకు మోకాలి ఆపరేషను చేశారు. వాకరు పట్టుకుని బాత్రూము దాకా వెళ్ళిరావడమే నాకు తీర్థయాత్ర. మెట్లు ఎక్కలేను, బస్సు అసలే ఎక్కలేను. అందుకని నువ్వు చూసి, ఉన్నదున్నట్టు రాయి.

సూసన్


జగ్గయ్యపేట,
15 మార్చి

సిస్టర్ సూసన్‌గారికి,

నేను మా ఆయన వచ్చాడని రాస్తే నువ్వు గోళ్ళు కత్తిరించుకోమని రాశావు. మంచిదే. పాఠం వచ్చినవాళ్ళు అడగకపోయినా చెబుతారు, నాకూ ఆ జబ్బు ఉంది.

కానీ నీ ఉత్తరంలో రాయని మాట ఒకటి చదివాను. మొగుడి కాలు కాపాడలేకపోయావు, కనీసం నీదన్నా చూసుకో అని. సూటిగా అనవచ్చుగా సూసన్. గోళ్ళయితే సూటిగా కత్తిరించమన్నావు.

నా కాళ్ళకు ఏమీ కాలేదు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. నొప్పి లేనిచోట పుండు ఎలా ఉంటుంది? పోయిన ఆదివారం ఆరాధన అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం. గుడి బయట వదిలిన చెప్పుల దాకా బండలమీద నడవాలి. అందరూ నిప్పులు తొక్కినట్టు గెంతుతున్నారు. సంఘపెద్ద స్టీవెన్ అయితే ఎనభై కిలోల మనిషి, మేకపిల్లలా ఎగిరాడు. నేను మాత్రం నింపాదిగా నడిచి వెళ్ళి చెప్పులు వేసుకున్నాను. పాస్టరమ్మగారు కాగితంమీద రాసి మరీ చూపించింది: 'టీచరుగారూ, మీకెంత ఓర్పండీ.' నా జీవితంలో నా ఓర్పును మెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. కాగితం దాచుకున్నాను.

అడుగులు ఎక్కువయ్యాయి. ఇప్పుడు వంటింటి దాకా వస్తున్నాయి. పొద్దున ఐదింటికి లేచి, దీపం వేయకుండానే కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. అప్పుడు నా పక్కన గాలి కొంచెం వేరుగా ఉంటుంది. ఒక వాసన కూడా. ఆఖరి రోజుల్లో ఆయన గదిలో ఉండే వాసనే అది. మనకది మంచి వాసన కాదు గానీ, నాకు ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుంది. రెండో గ్లాసులో టీ పోసి కిటికీ గట్టుమీద పెడుతున్నాను. తాగడు. బతికున్నప్పుడు కూడా నా టీకి వంకే పెట్టేవాడు.

దేవమణి


నందిగామ,
19 మార్చి

వదినా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చుని చదువు.

నొప్పి లేకపోవడమే జబ్బు. షుగరు ముదిరితే కాళ్ళకు స్పర్శ పోతుంది. నువ్వు ఓర్చుకుని నడవలేదు, నీకు కాలిందే తెలియలేదు. ఆ అడుగులు నీవి. చీకట్లో మంచం దిగి కుర్చీ దాకా నడిచేది నువ్వు. వెలుతురు వచ్చాక చూసి ఎవరివో అనుకునేదీ నువ్వే. నీ ఎడమ అరికాల్లో ఎక్కడో పుండు ఉంది, అది కారుతోంది. ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. నీకూ తెలుసు, అందుకే గుర్తుపట్టావు.

ఒక తెల్లటి గుడ్డ తీసుకుని ఎడమకాలి కింద పెట్టి నొక్కు. అంతే అడుగుతున్నాను. ఆనక నీ ఇష్టం వచ్చినట్టు నన్ను తిట్టు.

రూబీకి ఫోను చేశాను. దయ్యం సంగతి చెప్పలేదు, కాళ్ళు చూడమన్నాను. పదో తరగతి పరీక్షల డ్యూటీ, కదలడానికి లేదట. వీడియోలో చూస్తానంది.

సూసన్


జగ్గయ్యపేట,
2 ఏప్రిల్

సూసన్‌కు,

రూబీ వీడియోలో నా కాళ్ళు చూసింది. ఫోనుకు దగ్గరగా పెట్టి చూపించాను. ముందు కుడికాలు, తర్వాత మళ్ళీ కుడికాలు. లెక్కల టీచరు అది. రెండు వచ్చాయి కదా అని ఊరుకుంది.

తెల్లగుడ్డ బయటికి తీశాను. మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. నీకు నిజం చెబుతాను. కింద పుండు ఉంటే ఆయన రానట్టు. పుండు లేకపోతే వచ్చినట్టు. గుడ్డ నొక్కనంతసేపూ ఆయన ఉన్నాడు. నా వయసులో ఇది పెద్ద పాపమా?

ఇంకోటి కూడా చెప్పాలి. ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మీ అన్నయ్య కుడి అరికాల్లో ఆనెకాయ ఉండేది గుర్తుందా? బస్సులో నిలబడి నిలబడి గట్టిపడి, లోపల రాయి పెట్టినట్టు ఉండేది. షుగరు ఉన్న మనిషే అయినా, డిపోలో అందరికీ ఉన్నవేనని డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడు కాదు. ప్రతి శనివారం స్నానం అయ్యాక కాలు నా ఒళ్ళో పెట్టేవాడు. నేను కొత్త బ్లేడుతో పైపొర చెక్కేదాన్ని. ఉల్లిపొర తీసినట్టు, అంత జాగ్రత్తగా. ఇరవై ఏళ్ళు చేశాను. నాకంటే బాగా ఎవరూ చేయలేరని గొప్ప కూడా.

ఆ సంవత్సరం డిసెంబరు మొదటి శనివారం, ఏదో గొడవ పడ్డాం. దేనికో గుర్తులేదు, నా నోరే కారణం అయి ఉంటుంది. చేయి కోపంగా ఉంది. బ్లేడు లోతుకు దిగింది. రక్తం నా చీరమీద పడింది. ఆయన కిక్కురుమనలేదు. కాలు లాక్కోలేదు. నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను పసుపు అద్ది గుడ్డ కట్టాను. "ఎవరికీ చెప్పబాకు" అన్నాను. చెప్పలేదు. డాక్టరు అడిగితే కూడా ఆనెకాయ దానంతటదే పగిలిందండీ అన్నాడు. జనవరిలో కాలు తీసేశారు. సెప్టెంబరులో మనిషే పోయాడు.

ఆయన ఓర్చుకున్న ఆ చూపు ఆరేళ్ళుగా నా ఎదురుగా ఉంది. అందుకే అడుగులు కనిపిస్తే భయపడలేదు. వచ్చాడు, ఇప్పటికైనా అడుగుతాడు అనుకున్నాను. కాలికి కాలు అడిగితే ఇస్తాను. న్యాయమే కదా.

దేవమణి


నందిగామ,
7 ఏప్రిల్

వదినా,

నువ్వు చెప్పావు కనుక నేనూ చెబుతాను.

నాకు తెలుసు. ఆసుపత్రిలో మొదటి కట్టు మార్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. దానంతటదే పగిలిన పుండు అంచు వేరు, బ్లేడు కోసిన అంచు వేరు. నలభై ఏళ్ళ కళ్ళు ఇవి. అన్నయ్య నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు, అడగవద్దని. అడగలేదు. జ్ఞాపకార్థ కూడిక అయ్యాక నీ ఇంటికి రాకపోవడం అందుకే. నీ ముఖం చూస్తే అడిగేస్తానని.

ఇన్నాళ్ళూ అదే నిజం అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక కూర్చుని ఆలోచిస్తే, ఇంకోటి గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదులే, దాచిపెట్టింది బయటికి వచ్చింది. ఆ క్రిస్మసుకు మీరిద్దరూ మా ఇంటికి వచ్చారు. అన్నయ్య మేజోళ్ళు విప్పకుండా కూర్చున్నాడు. కుడికాలి మేజోడు కింద తడిగా ఉంది. చూశాను వదినా. నేను బిర్యానీ వడ్డిస్తున్నాను, ఇంటినిండా జనం. భోజనాలయ్యాక చూద్దాంలే అనుకున్నాను. భోజనాలయ్యాయి. మీరు ఆరింటి బస్సుకు వెళ్ళిపోయారు. నర్సును, ఒక్క మేజోడు విప్పలేకపోయాను. బ్లేడు దిగి అప్పటికి మూడు వారాలు. ఆ రోజు చూసి ఉంటే కాలు దక్కేదేమో.

నిన్ను క్షమించానని రాయను. రాస్తే నన్ను నేను క్షమించుకున్నట్టు కూడా అవుతుంది. దానికి నేను సిద్ధంగా లేను.

కానీ అన్నయ్య కాలు అడిగే మనిషి కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో చిల్లర కూడా రెండోసారి అడగలేదు. నీ కాలు అడుగుతున్నది పుండు. చూసుకో.

సూసన్


జగ్గయ్యపేట,
18 ఏప్రిల్, శుభ శుక్రవారం

సూసన్,

పోస్టాఫీసు సెలవు కనుక ఆటో బ్రహ్మయ్యతో పంపుతున్నాను. బెజవాడ చూడకుండా వచ్చిన మొదటి ఉత్తరం ఇదే.

నిన్న పరిశుద్ధ గురువారం. ప్రతి ఏడూ పాస్టరుగారు, ప్రభువు శిష్యులకు కడిగినట్టు, పన్నెండు మంది పాదాలు కడుగుతారని తెలుసుగా. ఈసారి పన్నెండు మందిలో నా పేరు చదివారట. నేను ఇవ్వలేదు. ఎవరు ఫోను చేసి ఇచ్చారో నాకు తెలుసు, నందిగామలో కూర్చుని ఇంత పని చేయగల ఆడది ఒక్కతే. సంఘం ముందు లేచి 'నేను కడిగించుకోను' అనలేను. నువ్వు అది కూడా లెక్క వేశావు.

ఎప్పటిలాగే అందరూ ఇంట్లో కాళ్ళు రుద్ది రుద్ది కడుక్కుని, కడిగించుకోవడానికి వచ్చారు. స్టీవెన్ సెంటు కూడా కొట్టుకున్నాడు. నేను కొత్త మేజోళ్ళు వేసుకుని వెళ్ళాను. ఆఖరి కుర్చీలో కూర్చున్నాను, నా దాకా రాకముందే కరెంటు పోతే బాగుండునని.

రూబెన్‌గారు నా ముందు మోకరించారు. కుడి మేజోడు ఊడింది. ఎడమది రాలేదు, అంటుకుపోయింది. ఆయన లాగలేదు. నీళ్ళు పోసి నానబెట్టారు. పళ్ళెంలో నీళ్ళు రంగు మారాయి. పాట పాడుతున్నవాళ్ళ పెదవులు ఒక్కొక్కరివే ఆగడం చూశాను. నాకు పాట ఎలాగూ వినపడదు. ఆయన కాలు తువ్వాలులో చుట్టి, వదలకుండా పట్టుకుని కూర్చున్నారు. లేవలేదు. తువ్వాలులోంచి మరక పైకి వచ్చింది. ముందరి పాదం అంత మరక, పలచటి టీ రంగు.

ఎన్ని పొద్దులు చూశాను సూసన్ దాన్ని. ఎంత ప్రేమగా చూశాను.

పాస్టరమ్మగారు ఫోనుతో ఫోటో తీసి చూపించింది. బొటనవేలి కింద మెత్తటిచోట రూపాయి బిళ్ళంత గుంట. పక్కవేలు నల్లబడింది. ఇప్పుడు కూడా నొప్పి లేదు. అడుగులు నావే.

ఇంట్లో ఎవరూ లేరు. అంటే, నిజంగానే ఎవరూ లేరు.

నువ్వు రా.

దేవమణి


నందిగామ,
18 ఏప్రిల్, సాయంత్రం

వదినా,

బ్రహ్మయ్య వాకిట్లో నిలబడి ఉండగా రాస్తున్నాను. కాలు నేలమీద పెట్టకు. ఆకు పసరు, పసుపు, పౌడరు, ఏదీ వేయకు. శుభ్రమైన గుడ్డ వదులుగా చుట్టి దిండుమీద పెట్టుకో. మాత్రలన్నీ ఒక సంచిలో వేయించు. రేపు పొద్దున ఏడింటికి కారులో వస్తున్నా. నా మోకాలు ఏమైనా కానీ. రూబీ నేరుగా బెజవాడ ఆసుపత్రికి వస్తుంది.

కాళ్ళు కడిగించిన పాపం నాదే. తిట్లు కారులో వింటాను.

సూసన్


మైలవరం,
6 మే

సూసన్‌కు,

ఆసుపత్రిలో నువ్వు తొమ్మిది రోజులు నా పక్కన కూర్చున్నా చెప్పలేనిది రాయడానికి కాగితం తీశాను. మనం ఎదురుగా ఉంటే పోట్లాడతాం, దూరంగా ఉంటేనే మాట్లాడుకుంటాం.

రూబీ నన్ను ఖైదులో పెట్టింది. మెత్తటి చెప్పులు మంచం కిందే ఉంటాయి, బాత్రూముకు కూడా అవే. పొద్దున సాయంత్రం అద్దంలో అరికాలు చూసుకుంటున్నాను. డెబ్బై రెండేళ్ళలో ముఖం కూడా ఇంత శ్రద్ధగా చూసుకోలేదు. తీసేసిన వేలు లేని లోటు తెలియడం లేదు. బొటనవేలి పక్కవేలు పొడుగ్గా ఉంటే మొగుడిమీద పెత్తనం చేస్తుందంటారు కదా. మొగుడూ పోయాడు, పెత్తనమూ పోయింది, ఇక వేలెందుకు. పాదం దక్కింది, అది చాలన్నాడు డాక్టరు.

కట్టు కట్టినప్పటి నుంచి పొద్దున్నే నేలవైపు చూస్తాను. పొడిగా ఉంటుంది. పిచ్చిదాన్ని అనుకో, చూడటం మానలేదు.

నిన్న మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాం. పుండు చుట్టూ చర్మం గట్టిపడిందని, అది తీయకపోతే లోపల మానదని డాక్టరు బ్లేడు తీశాడు. రూబీ ముఖం తిప్పుకుంది. నేను తిప్పుకోలేదు. తల కింద దిండు ఎత్తించుకుని చూశాను. నేను చేసినట్టే, పొర పొరగా తీశాడు. ఒకచోట బ్లేడు దిగింది. ఎర్రగా వచ్చింది. డాక్టరు నావైపు చూసి ఏదో అన్నాడు, రూబీ కాగితంమీద రాసింది: 'సారీ అమ్మా, నొప్పిగా ఉందా అంటున్నారు.'

లేదు. ఏమీ లేదు. ఎవరి కాలో చూస్తున్నట్టుంది. నేను చేయగలిగింది ఒక్కటే, ఆ కుర్ర డాక్టరు ముఖంలోకి చూశాను. కంగారుపడ్డాడు పాపం. కనుబొమలు దగ్గరికి వచ్చాయి, ముక్కుమీద చెమట పట్టింది. చిన్నవాడు, రూబీ కంటే చిన్న. చూడబుద్ధి వేసింది, చూశాను.

అక్కడ పడుకుని ఉండగానే తెలిసింది సూసన్. ఆయన ఓర్చుకోలేదు. ఆయనకు తెలియనే లేదు. నా కోపం తెలియలేదు, బ్లేడు తెలియలేదు. ఆరేళ్ళు ఆ చూపును మోశాను, నొప్పి దిగమింగి నన్ను క్షమిస్తున్నాడని. క్షమించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. తప్పు నాదే, అది ఎక్కడికీ పోలేదు, నువ్వు క్షమించానని రాయకపోవడం మంచిదే అయింది. కానీ ఆ శనివారం సాయంత్రం, చీరమీద రక్తంతో నేను పసుపు అద్దుతుంటే, ఆ మనిషి ఊరికే నన్ను చూస్తూ కూర్చున్నాడు. చూడాలనిపించి చూశాడు. అంతే.

దేవమణి